ముల్లు వెంట వచ్చే బూజు

మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్ళే బాటకు ఇరుప్రక్కల ఎర్రనేల, రాతిగుట్టలు, వేరుసెనగ చేలు, మామిడి తోటలు, మల్బరీ మళ్ళు, టమాటా తోటలు కనిపిస్తాయి. గట్లమీద తుమ్మ, రేగు. బీళ్ళలో సర్కారు తుమ్మ. ఇటువంటి నేలలో పని చేసేవారికి కాలిలో ముల్లు దిగడం వింత కాదు. పిన్నీసుతోనో, మరొక ముల్లుతోనో దానిని పెరికివేసి, రెండు రోజులు కుంటి, మూడవనాడు మరచిపోతారు. దాదాపు ఎప్పుడూ కథ అక్కడితో ముగుస్తుంది. ముగియని సందర్భాలు కొద్దిగా ఉన్నవి. వాటి చరిత్ర రెండు వందల సంవత్సరాలకు దగ్గరగా సాగి, ఇంకా సాగుతూనే ఉన్నది. అందులో తెలుగు సీమకూ, దాని ఇరుగుపొరుగు ఊళ్ళకూ చెప్పుకోదగిన పాత్ర ఉన్నది.

శిలీంధ్రం అనగానే మనకు తోచేది తడిసిన రొట్టెపై బూజు, ఊరగాయ జాడీలో తెల్లని పొర, వానకాలంలో దిబ్బల మీద పుట్టగొడుగు. ఇవి మనిషిని బాధించినా తామర వంటి చర్మవ్యాధులతో సరిపెట్టుకొంటాయని అనుకొంటాం. ఇది చాలావరకు నిజమే. మట్టిలోని వేలకొలది బూజులలో అత్యధిక భాగం మన శరీరపు వేడికి, అనగా 37 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, పెరగలేవు. పెరగగలిగినవాటిని చర్మం లోపలికి రానీయదు. చర్మం దాటి వచ్చినవాటిని తెల్ల రక్తకణాలు మ్రింగివేస్తాయి. కాబట్టి లోతైన అవయవాలకు బూజు ప్రాకినదంటే ఆ మనిషి అంతకు ముందే ఏదో వ్యాధితో నీరసించినవాడై ఉంటాడని వైద్యులు భావిస్తూ వచ్చారు. 2021లో కోవిడ్ రెండవ విజృంభణ కాలంలో "బ్లాక్ ఫంగస్" అన్న మాట ప్రతి ఇంటిలోనూ వినిపించినది. ఆ వ్యాధి వచ్చినవారిలో చాలామంది మధుమేహం అదుపులో లేనివారు, స్టీరాయిడ్ మందులు వాడినవారు. ఇదికూడా పాత అభిప్రాయాన్నే బలపరచినది.

అయితే గాయం సంగతి వేరు. ముల్లు, కట్టెపేడు, రోడ్డు ప్రమాదంలో కండలో కూరుకొనిపోయిన మట్టి—ఇవి చర్మమనే కోటగోడను ఒక్క దెబ్బతో దాటి, శత్రువును నేరుగా కోట నడుమ దింపుతాయి. అప్పుడు ఏ జబ్బూ లేని దృఢకాయుడు కూడా బూజుకు లొంగిపోవచ్చును. ఇలా జరిగే వ్యాధులలో ముఖ్యమైనవి రెండు. ఒకటి నత్తనడక నడిచి, సంవత్సరాల తరబడి కాలిని తినివేస్తుంది. రెండవది రోజులలో ప్రాణం తీస్తుంది. మొదటిదానిని వైద్యులు బహుకాలంగా ఎరుగుదురు; రెండవదానిని గుర్తించి యాభై యేళ్ళయినది, అంతే.

నత్తనడక వ్యాధి మనకు ప్రాచీనమైనదే. సుశ్రుతసంహితలో క్షుద్రరోగాల క్రింద "వల్మీకం" అన్నది చెప్పబడినది. వల్మీకమంటే పుట్ట. అరచేతిలో, అరికాలిలో, కీళ్ళ దగ్గర మెల్లగా పుట్టవలె పెరిగి, అనేక ముఖాలతో స్రవించే వాపుగా దీనిని వర్ణించారు. చెదపుట్టను ఒకమారు చూసి, ఈ రోగి పాదాన్ని చూసినవారికి ఆ పేరు ఎంత సరిపోయినదో వివరించనక్కరలేదు.

ఆధునిక వైద్యగ్రంథాలలో ఇది ప్రవేశించినది 1842లో. ఆ యేట మధుర వైద్యశాలలో గిల్ అనే వైద్యుడు ఇట్టి కాళ్ళను గూర్చి నివేదిక వ్రాశాడు. 1846లో అదే వైద్యశాల నుండి కోల్‌బ్రుక్ అనే మరొక వైద్యుడు "మధుర పాదం" అన్న పేరు వాడాడు. ఆ పేరు లోకమంతటా నిలిచిపోయినది. కాని ఆ దశాబ్దంలోనే బళ్ళారిలో పనిచేసిన గాడ్‌ఫ్రీ అనే వైద్యుడు, ఇంతవరకు ఎవరూ వర్ణించని పాదరోగమంటూ లండన్ లాన్సెట్ పత్రికకు వ్రాసిన సంగతి అంతగా ప్రచారం కాలేదు. బళ్ళారి అప్పుడు దత్తమండలాలలో ఒకటి. తెలుగూ కన్నడమూ కలిసి వినిపించే ఊరు. మదనపల్లె తాలూకా ఆ దత్తమండలాలకే చెందిన కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. పుంగనూరు, కుప్పాలు ఉత్తర ఆర్కాటు జిల్లా జమీందారీలు ఉండిన సీమ. అంటే వ్యాధి పేరులో మధుర ఉన్నా, మొదటి వర్ణనలలో ఒకటి రాయలసీమ నేల నుండి వెలువడినదే. గాడ్‌ఫ్రీ ముందుగా వ్రాసి ఒక మంచి పేరు పెట్టి ఉంటే దీనిని నేడు బళ్ళారి పాదమని పిలిచేవారేమో!

రోగలక్షణాలు చిత్రమైనవి. మొదట పాదంలో నొప్పిలేని గట్టి కణితి. నొప్పి లేదు కనుక పని మానడు, వైద్యుని చూడడు. నెలలు, కొన్నిసార్లు సంవత్సరాలు గడుస్తాయి. కణితి పెరిగి, చర్మంపై చిన్న చిన్న రంధ్రాలు పడి, వాటినుండి రసి కారుతుంది. ఆ రసిలో గింజల వంటి రేణువులు ఉంటాయి. ఇదే ఈ వ్యాధి ముద్ర. కొందరిలో అవి తుపాకిమందు వలె నల్లగా ఉంటాయి. మరికొందరిలో చేపగ్రుడ్ల వలె తెల్లగానో, పసుపుగానో, అరుదుగా ఎర్రగానో ఉంటాయి. క్రమంగా వ్యాధి ఎముకలోనికి దిగి దానిని తొలుస్తుంది. పాదం ఆకారం కోల్పోయి, రోగి నేలపై కాలు మోపలేని స్థితికి వస్తాడు. అప్పటికి అతడు వైద్యశాల మెట్లెక్కితే వైద్యుడు చేయగలిగినది ఒకటే: కాలు తీసివేయడం. గిల్ నివేదిక వ్రాసిన నాటికి ఈథరు మత్తు లోకానికి ఇంకా తెలియదు. అది 1846లో గాని రాలేదు. మెలకువగా ఉన్న మనిషికి కాలు కోయించుకొనే ధైర్యం ఎందరికి ఉంటుంది? చాలామంది ఆ పుట్టకాలితోనే, మంచం మీదనో అరుగు మీదనో, మిగిలిన జీవితం గడిపి ఉంటారు. వారు సాధారణంగా ఇరవై నలభై యేళ్ళ మధ్య వయస్కులు, పొలం పని చేసేవారు, ఇంటికి ఆధారమైనవారు. కాలు పోతే పోయేది ఒక్క కాలే కాదు.

దీనికి కారణం కనిపెట్టినవాని పేరు హెన్రీ వాన్‌డైక్ కార్టర్. ఈ పేరు తెలియనివారు కూడా అతని చేతిపనిని చూసి ఉంటారు. వైద్యవిద్యార్థులకు తరతరాలుగా పాఠ్యగ్రంథమైన గ్రే శరీరనిర్మాణ శాస్త్రం 1858లో వెలువడినప్పుడు అందులోని బొమ్మలన్నీ గీసినవాడు ఇతడే. పుస్తకం గ్రే పేరున మిగిలినది. కార్టర్ అదే సంవత్సరం ఓడ ఎక్కి బొంబాయి చేరాడు. అక్కడి గ్రాంట్ వైద్యకళాశాలలో పనిచేస్తూ, శస్త్రవైద్యులు కోసివేసిన పాదాలను తెప్పించుకొని, పరిచ్ఛేదాలు చేసి, సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించసాగాడు. చిత్రకారుని కన్ను అతనికి ఇక్కడ ఉపకరించినది. ఆ నల్లని గింజలు ఎండిన రక్తమో, చితికిన ఎముకో కాదనీ, సన్నని దారాలు చిక్కుపడి అల్లుకొన్న ముద్దలనీ అతడు చూశాడు. దారాలు శిలీంధ్ర తంతువులు. 1860లో ఈ సంగతి ప్రకటించాడు. "మైసిటోమా," అనగా శిలీంధ్రపు కణితి, అన్న పేరు అతడు పెట్టినదే. 1874లో ఈ వ్యాధిపై అతని గ్రంథం లండన్‌లో అచ్చయినది. నల్లగింజలది ఒక రకమనీ, తెల్లగింజలది మరొక రకమనీ అందులో వేరుచేసి చూపాడు.

ఇక్కడే కథ దారి తప్పినది. ఆ తప్పు తెలుసుకోదగినది.

కార్టర్ వద్ద సీసాలలో నిలవ ఉంచిన ఒక నమూనాపై ఎర్రని, అందమైన బూజు మొలిచినది. నల్లగింజలలో చిక్కుపడిన తంతువులు బయటకు వచ్చి ఇట్లు పెరిగినవని అతడు భావించాడు. దానిని ఇంగ్లండులోని ప్రసిద్ధ శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు, బంగాళాదుంప తెగులు బూజు వలన కలుగుతుందని వాదించి గెలిచిన బర్కిలీ అనే మతాచార్యునికి పంపగా, ఆయన దానికి ఖియోనిఫే కార్టెరి అని నామకరణం చేశాడు. కార్టర్ పేరు శాస్త్రంలో నిలిచినది. వ్యాధికారకం దొరికినదని అందరూ సంతోషించారు. కాని తరువాత ఎందరు వెదకినా, ఏ రోగి పాదం నుండీ ఆ ఎర్ర బూజు మరల రాలేదు. 1875లో కలకత్తాలో లూయిస్, కన్నింగ్‌హామ్ అనే ఇద్దరు పరిశోధకులు, ఎర్ర బూజుకూ వ్యాధికీ సంబంధం లేదనీ, అసలు శిలీంధ్రమే కారణమన్నది రుజువు కాలేదనీ వ్రాశారు. వారి మొదటి మాట నిజం; రెండవ మాట పొరపాటు. ఎర్ర బూజు గాలినుండి వచ్చి సీసాలో వాలిన బాటసారి మాత్రమే. అయితే గింజలలోని తంతువులు నిజమైనవే.

దీనికి కార్టర్‌ను తప్పుపట్టడం సులభం, న్యాయం మాత్రం కాదు. ఒకే జీవిని వేరుచేసి పరిశుద్ధంగా పెంచే పద్ధతిని కోఖ్ 1880లలో గాని లోకానికి చూపలేదు. కార్టర్ తన కాలంకంటె ఇరవై యేళ్ళు ముందు పుట్టిన ప్రశ్నకు, ఆ నాటి పనిముట్లతో జవాబు వెదికాడు. గట్టిగా నిలిచినది అతని కన్ను చూసిన భాగం. కూలినది సీసా చెప్పిన భాగం.

అసలు ముడి విడిపోవడానికి మరొక నలభై యేళ్ళు పట్టినది. 1894లో ఫ్రెంచి వైద్యుడు విన్సెంట్ అల్జీరియాలో ఒక రోగి తెల్లగింజల నుండి జీవిని పెంచి, దానికి మధుర పేరు జోడించాడు. నేడు దాని పేరు ఆక్టినోమడ్యూరా మడ్యూరే. పరిశీలించగా అది శిలీంధ్రమే కాదు! శిలీంధ్రంవలె దారాలుగా పెరిగే బాక్టీరియా. నల్లగింజల జీవిని 1902లో లావెరాన్ వర్ణించగా, 1905లో బ్రంప్ట్ దానికి మడ్యూరెల్లా అన్న ప్రజాతి నామం ఇచ్చాడు. అది నిజమైన శిలీంధ్రం. 1913లో పినోయ్ ఈ రెంటినీ స్పష్టంగా విడదీశాడు. ఒకే పుట్టకాలు, ఒకే రంధ్రాలు, ఒకే రకం గింజలు. లోపల మాత్రం ఒకదానికొకటి చుట్టరికం లేని రెండు జీవజాతులు. కార్టర్ రంగునుబట్టి చేసిన విభజన ఇంచుమించు సరియైనదేనని అప్పుడు తేలినది.

ఈ విభజన పండితుల ముచ్చటకై చేసినది కాదు. కాలు నిలుస్తుందా, పోతుందా అన్నది దానిపైననే ఆధారపడి ఉన్నది. ఇక్కడ మదనపల్లె మరొక దారిలో కథలోకి వస్తుంది. ఆ ఊరిప్రక్కన ఆరోగ్యవరంలో 1915 నుండి క్షయ చికిత్సాలయం ఉన్నది. 1948లో దేశంలో బి.సి.జి. టీకా ఆరంభమైనది కూడా మదనపల్లెలోనే. క్షయ సూక్ష్మజీవికీ, తెల్లగింజల ఆక్టినోమడ్యూరాకూ దూరపు బంధుత్వం ఉన్నది. ఈ రెండూ ఆక్టినోమైసీట్లు అనే పెద్ద కుటుంబంలోనివి. 1943లో మట్టిలోని మరొక ఆక్టినోమైసీటు నుండి లభించి క్షయ చికిత్సను మార్చివేసిన స్ట్రెప్టోమైసిన్, తెల్లగింజల పాదానికి కూడా పనిచేసినది. సల్ఫా మందులు, కుష్ఠుకు వాడే డాప్సోన్, తరువాత కోట్రైమాక్సజోల్, అమికాసిన్ వచ్చినవి. ఈ రకపు రోగి వేళకు వస్తే నేడు కత్తి అక్కరలేకనే బాగుపడవచ్చును.

నల్లగింజలవారి అదృష్టం అంత మంచిది కాదు. బాక్టీరియా మందులేవీ శిలీంధ్రాన్ని ముట్టవు. 1980ల నుండి కీటోకోనజోల్, దాని వెనుక ఇట్రాకోనజోల్ వచ్చినా, నెలలు, సంవత్సరాలు మ్రింగవలసి ఉంటుంది; కణితిని కోసి తీయడమూ తప్పదు; అయినా తిరగబెట్టవచ్చును. వేలూరు వైద్యులు 1968లో దక్షిణభారతంలో ఈ వ్యాధిని కలిగించే జీవులను గూర్చి ప్రచురించిన వ్యాసం ఇప్పటికీ చూడదగినది. ఇక్కడ రెండు జాతులూ ఉన్నవి కనుక, గింజను సూక్ష్మదర్శిని క్రింద చూడకుండా మందు వ్రాయడం చీకటిలో రాయి విసరడమే. ఇంత పాత వ్యాధిని ప్రపంచ ఆరోగ్యసంస్థ "నిర్లక్ష్యానికి గురియైన ఉష్ణమండల వ్యాధుల" జాబితాలో చేర్చినది 2016లో మాత్రమే. బీదవాని కాలికి వచ్చే జబ్బుకు అంత ఆలస్యం వింత కాదేమో.

ముల్లే దీనిని తెస్తుందా? రోగులు చాలామంది ఎప్పుడో ముల్లు గ్రుచ్చుకొన్నదని చెపుతారు. కాని ముళ్ళ సీమలో ముల్లు గ్రుచ్చుకోనివాడెవ్వడు? ఆ సాక్ష్యం బలమైనది కాదు. సూడాన్ దేశంలో వ్యాధి ఎక్కువగా ఉన్న పల్లెలలో 2002 నాటి పరిశోధకులు మట్టినీ ముళ్ళనూ పరీక్షించగా, మడ్యూరెల్లా డి.ఎన్.ఎ. మట్టిలో తరచుగానూ, ముళ్ళపై అరుదుగానూ కనిపించినది. అంటే ముల్లు కేవలం సూది. మందు మట్టిలో ఉన్నది. అదే పల్లెలలో ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలోనూ ఈ శిలీంధ్రానికి ప్రతిపదార్థాలు దొరికినవి. అంటే బూజు శరీరంలోనికి వెళ్ళినవారు ఎందరో. దానిని ఓడించలేకపోయినవారు కొందరే.

ఇక రెండవ వ్యాధి. దీని మొదటి అధ్యాయంలో వైద్యులు లేరు, రోగులు లేరు. ఉన్నది మట్టి పొట్లాలు పట్టుకొని తిరిగే వృక్షశాస్త్రజ్ఞులు. 1953లో ఎస్. బి. సక్సేనా మధ్యభారతంలోని సాగర్ ప్రాంతపు అడవిమట్టి నుండి ఒక క్రొత్త బూజును వేరుచేసి వర్ణించాడు. దాని బీజాణుకోశం పొడుగు మెడగల కూజావలె ఉంటుంది. రొట్టెబూజు కుటుంబానికి చెందిన ఈ బూజుకు సక్సేనియా వాసిఫార్మిస్ అని పేరు. 1979లో మిశ్రా, శ్రీవాస్తవ, లత అనే ముగ్గురు ఉత్తరభారతంలో ఒక మామిడి తోట మట్టి నుండి అదే కుటుంబంలోని మరొక క్రొత్త బూజును వెలికితీశారు. దీని బీజాణుకోశం క్రింద గరాటువంటి ఉబ్బు ఉన్నందున అపోఫైసోమైసిస్ ఎలిగాన్స్ అని పిలిచారు. ఎలిగాన్స్ అంటే సొగసైనది. సూక్ష్మదర్శినిలో చూస్తే నిజంగా సొగసైనదే. ఈ రెండూ ఎవరికీ హాని చేస్తాయని ఆ శాస్త్రజ్ఞులు తలచలేదు. తలచడానికి కారణమూ లేదు. నేలలో ఏమేమి పెరుగుతున్నవో తెలుసుకోవాలన్న కుతూహలమే వారి పెట్టుబడి.

సక్సేనియా మనిషిని చంపగలదని 1976లో అమెరికాలో తెలిసినది. మోటారు ప్రమాదంలో గాయపడిన ఒక యువకునిలో అది కనిపించినది. అపోఫైసోమైసిస్ కూడా మానవ గాయంలో కనిపించినదని 1985లో అమెరికానుండే మొదటి వార్త వచ్చినది. పిమ్మట మన వంతు. 1993లో హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞానసంస్థ నుండి వి. లక్ష్మి, సహచరులు ఈ బూజు వలన కండపొరలు కుళ్ళిపోయిన రోగిని గూర్చి ప్రకటించారు. 1997లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల నుండి ఎం. ఎస్. మాథ్యూస్ బృందం వ్రాసిన వ్యాసం ఇంకా ఆలోచింపజేసేది: వారి ప్రయోగశాలకు వచ్చిన రొట్టెబూజు కుటుంబపు జీవులలో అపోఫైసోమైసిస్‌ది రెండవ స్థానం! ఇతర దేశాలలో ఒకటి రెండు కేసులుగా చెప్పుకొనే బూజు వేలూరులో సాధారణమైనదన్న మాట. కుప్పం నుండి జోలార్‌పేట మీదుగా కాట్పాడికి రైలు ఉన్నది. మదనపల్లె, పుంగనూరు ప్రజలకు కూడా జబ్బు ముదిరితే తోచే ఊళ్ళలో వేలూరు ఒకటి. ఆ ప్రయోగశాల బల్లపై ఉన్న బూజు ఈ మూడు ఊళ్ళకు పరాయిది కాదు. 2003లో చండీగఢ్ పరిశోధకులు భారతదేశంలో ఇది తల ఎత్తుతున్న వ్యాధి అని హెచ్చరించారు. 2016లో వారే దేశంలోని మట్టి నమూనాలను పరీక్షించి ఈ ప్రజాతి బూజును మరల నేలనుండి వేరుచేశారు. శాస్త్రజ్ఞులు ఒకే ప్రజాతిని విడగొట్టి జాతులు పెంచడం మామూలే. భారతీయ రోగులలో కనిపించేదానిని ఇప్పుడు అపోఫైసోమైసిస్ వేరియాబిలిస్ అంటున్నారు.

ఈ బూజు పని తీరు మైసిటోమాకు పూర్తిగా విరుద్ధం. రోడ్డు ప్రమాదంలోనో, చెట్టుమీద నుండి పడియో, యంత్రంలో నలిగియో మట్టితో కలిసిన లోతైన గాయం అవుతుంది. కొన్ని రోజులలో గాయపు అంచులు నల్లబడతాయి. నలుపు ప్రాకుతుంది. ఒక్కొక్కప్పుడు గాయంలో దూదివంటి బూజు కంటికే కనిపిస్తుంది. వెడల్పైన, అడ్డుగోడలు లేని దీని తంతువులు రక్తనాళాల గోడలను తొలుచుకొని లోపలికి దూరి, అక్కడ రక్తం గడ్డకట్టేటట్లు చేస్తాయి. నెత్తురు అందని కండ చచ్చిపోతుంది. చచ్చిన కండ బూజుకు మంచి ఆహారం. మందుకు మాత్రం దారి లేదు, ఏలనగా మందును మోసుకొనిపోవలసినది నెత్తురే కదా. అందుచేత ఎంత మంచి మందున్నా, చచ్చిన భాగాన్నంతటినీ వైద్యుడు కోసివేయక తప్పదు. ఒకమారు కాదు, రోజుమార్చి రోజు. ఒక పూట ఆలస్యమైతే మరికొన్ని అంగుళాలు పోతాయి.

మందు అంఫోటెరిసిన్-బి. దీనిని 1950లలో అమెరికా పరిశోధకులు వెనిజులా దేశపు ఒరినోకో నదీ ప్రాంతపు మట్టిలోని ఒక స్ట్రెప్టోమైసిస్ నుండి తీశారు. జబ్బు మట్టిలోది, మందూ మట్టిలోదే.

పెద్ద విపత్తులు వచ్చినప్పుడు ఈ బూజులు గుంపుగా బయటపడతాయి. 1985 నవంబరు 13న కొలంబియాలో అగ్నిపర్వతం ప్రేలి, బురద వరదై అర్మేరో పట్టణాన్ని ముంచివేసినది. ఇరవై వేలమందికి పైగా మరణించారు. బ్రతికి బయటపడి గాయాలు కుళ్ళినవారిలో ఎనిమిదిమందికి రొట్టెబూజు జాతి సోకినదని వైద్యులు గుర్తించారు. 2004 డిసెంబరు సునామీలో శ్రీలంక తీరాన గాయపడిన ఒక యాత్రికునికి అపోఫైసోమైసిస్ సోకినది. 2011 మే 22న అమెరికాలోని జోప్లిన్ పట్టణాన్ని సుడిగాలి ఛిన్నాభిన్నం చేసినప్పుడు గాయపడినవారిలో 13 మందికి ఇదే ప్రజాతి బూజు సోకి, అయిదుగురు మరణించారు. వారిలో రోగనిరోధకశక్తి కోల్పోయినవారు ఒక్కరూ లేరు. ఎక్కువ గాయాలైనవారికి, కట్టెపేళ్ళు లోతుగా దిగినవారికి ప్రమాదం ఎక్కువైనది. అంటే మనిషి బలం కంటె, గాయంలోనికి ఎంత మట్టి ఎంత లోతుగా పోయినదన్నదే అక్కడ నిర్ణయించినది.

అయినా ఇది అరుదైన వ్యాధి. మట్టి గాయాలలో సర్వసాధారణంగా చీము పట్టించేది బాక్టీరియా. వాటి తరువాత భయపడవలసినది ధనుర్వాతం. బూజుకు భయపడి పొలం మానవలసిన పని లేదు. అరుదైనది కావడం వలన వచ్చే చిక్కు మరొకటి ఉన్నది: వైద్యుడు దానిని తలచుకోడు. గాయం నల్లబడితే బాక్టీరియా అని ఒక మందు, అది పనిచేయకపోతే మరొకటి మారుస్తూ పోగా విలువైన రోజులు గడిచిపోతాయి.

ప్రయోగశాలలో మరొక ఉచ్చు ఉన్నది. ఈ రెండు బూజులను మామూలు ఆహారమాధ్యమంపై నాటితే తెల్లని దూదిగా విరివిగా పెరుగుతాయి గాని బీజాణువులు వేయవు. బీజాణుకోశం చూడనిదే జాతిని చెప్పడం పూర్వం సాధ్యమయ్యేది కాదు. గుర్తింపులేని తెల్లబూజును చూసి, ఇది గాలినుండి పడినదని చెత్తబుట్టలో వేసిన సందర్భాలు ఎన్ని ఉన్నవో! కార్టర్ గాలినుండి వాలిన బాటసారిని దొంగ అనుకొన్నాడు; నూరేళ్ళ తరువాతివారు దొంగను బాటసారి అనుకొన్నారు. 1988లో పాధ్యే, అజెల్లో అనేవారు దీనికి సులువైన ఉపాయం చెప్పారు. బూజు పెరిగిన చిన్న అగారు ముక్కను కోసి, ఈస్టు సారం కొద్ది చుక్కలు మాత్రం కలిపిన శుద్ధజలంలో వేసి, 37 డిగ్రీల వద్ద పది పన్నెండు రోజులు ఉంచడం. నిండు విస్తరి ముందు బద్ధకించిన బూజు, పస్తు పెట్టగానే సంతానం కంటుంది. ఈ పని ఖరీదైనది కాదు. నీరు, ఓపిక ఉంటే చాలు. నేడు డి.ఎన్.ఎ. పరీక్ష ఉన్నచోట్ల ఈ నిరీక్షణ అక్కరలేదు.

కాని రోగి పది రోజులు ఆగలేడు. అందుకు మార్గం ఇంకా పాతది, ఇంకా చౌకైనది. గాయం నుండి చిన్న కండముక్క తీసి, గాజుపలకపై పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి చూస్తే, కండ కరిగి, వెడల్పైన రిబ్బను వంటి తంతువులు ఉన్నచో కొద్ది నిమిషాలలో కనిపిస్తాయి. పేరు తెలియకపోయినా కత్తికీ, మందుకూ ఆ చూపు చాలును. ఏ కళాశాల ప్రయోగశాలలోనైనా ఉన్న సూక్ష్మదర్శిని దీనికి సరిపోతుంది.

వైద్యుని వద్దకు చేరకముందే జరిగే పనులు కొన్ని ఉన్నవి. దెబ్బ తగిలిన వెంటనే నెత్తురు ఆగుతుందని గాయంపై మన్ను చల్లడం, పేడ మెత్తడం కొన్ని పల్లెలలో ఉండిన అలవాటు. పై చరిత్ర చదివినవారికి అది ఏమి చేయడమో తెలుస్తుంది. శుభ్రమైన నీటి ధార క్రింద గాయాన్ని చాలాసేపు కడిగి, మట్టి రేణువులు, పేళ్ళు వీలైనంత పోయేటట్లు చేసి, శుభ్రమైన గుడ్డ కట్టి, ధనుర్వాతపు సూదికి వెళ్ళాలి. లోతుగా విరిగిన ముల్లును ఇంటి సూదితో కెలకడం కంటె తీయించుకోవడం మేలు. పాదంలో నొప్పిలేని కణితి కనిపిస్తే, నొప్పి లేదు కదా అని ఊరకుండరాదు. మైసిటోమా చేసే మోసం అదే.

చివరగా వైద్యులకే చెందినదైనా విద్యార్థులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉన్నది. కుప్పం వంటి ఊరిలోని వైద్యశాల నుండి పెద్ద ప్రయోగశాలకు కండముక్కను పంపేటప్పుడు దానిని రెండుగా చేయాలి. ఒకటి ఫార్మలిన్‌లో వేస్తే పలుచని పొరలుగా కోసి తంతువులను చూడవచ్చును. కాని ఫార్మలిన్‌లో బూజు చచ్చిపోతుంది. పెంచి చూడడానికి వీలులేదు. అందుకై రెండవ ముక్కను శుద్ధమైన ఉప్పునీటిలో పంపాలి. దానిని అందుకొన్నవారు బాక్టీరియా పరీక్షకు చేసినట్లు రోటిలో నూరరాదు. ఈ బూజు తంతువులలో అడ్డుగోడలు లేవు కనుక, ఒకచోట తెగితే లోపలి జీవపదార్థమంతా కారిపోయి దారం మొత్తం చచ్చిపోతుంది. కత్తితో సన్నని ముక్కలుగా కోసి, మాధ్యమంలో మెల్లగా అదిమితేనే మొలుస్తుంది.